మహారాజశ్రీ నార్మల్ రిపోర్టు గారికి

మహారాజశ్రీ నార్మల్ రిపోర్టు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెడదామనుకున్నాను గానీ, మనిద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే.

ఆరేళ్లుగా మా ఇంటికి వస్తూనే ఉన్నారు. భీమవరంలో చూపించుకున్నా మీరే, రాజమండ్రిలోనూ మీరే, ఆఖరికి విశాఖపట్నం వెళ్లినా మీరే ఎదురొచ్చారు. రక్తం నార్మల్, థైరాయిడ్ నార్మల్, ఎక్స్‌రే నార్మల్. ఎమ్మారై అయితే ఆ ఒక్క ముక్క చెప్పడానికి వేలకు వేలు పుచ్చుకుంది. రాత్రంతా ఎవరో రోకటితో దంచినట్టు నేను మంచం దిగుతుంటే, తమరు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెళ్లికొడుకులా కవర్లోంచి దిగేవారు.

తమరొచ్చిన ప్రతిసారీ ఇంట్లో నా పరువు ఒక మెట్టు దిగింది. "ఏం లేదన్నారు కదే!" అని మా ఆయన ఊపిరి పీల్చుకునేవారు. "మేం ఊడ్పులు ఊడ్చొచ్చి వంట చేసేవాళ్లం" అని అత్తగారు గోడకి చెప్పేవారు. పక్కింటి పిన్నిగారు వావిలాకు కాపడంతో మొదలెట్టి అంతర్వేది మొక్కు దాకా వెళ్లారు. కాపడం హాయిగానే ఉంది లెండి, అబద్ధమెందుకు.

కిందటేడు ఒక డాక్టరమ్మగారు ఫైలు పక్కన పెట్టి నన్ను చూశారు. ఎక్కడెక్కడ, ఎన్నాళ్లుగా, నిద్రలేచాక ఒళ్లు తేలికవుతుందా అని అడిగి, ఫైబ్రోమయాల్జియా అన్నారు. అంటే ఒళ్లంతా నొప్పులు వదలకుండా ఉండే జబ్బట. దాన్ని పట్టిచ్చే రక్తపరీక్షే లేదట! 1990 నాటి లెక్కలో ఒంటిమీద 18 చోట్ల నొక్కి 11 చోట్లయినా నొప్పి ఉందా అని చూసేవారట. 2010లో వచ్చిన కొత్త లెక్కలో ఆ నొక్కుడూ అక్కర్లేదన్నారట. వేరే జబ్బులు కావని తేల్చినందుకు మీకో దండం. కానీ నొప్పే లేదని మీరెప్పుడు చూశారు?

మా వీధి రామనవమి పందిట్లో బాకా బాగానే ఉంటుంది, వైర్లూ బాగానే ఉంటాయి. మైకు కుర్రాడు సౌండు మీట చివరిదాకా తిప్పేసి టీకి పోతాడు. నా నరాల సంగతీ అంతేట. మీరేమో బాకాకి ఫొటో తీసి, గోల లేదని సంతకం పెట్టారు.

నేను నరసాపురం లేసు అల్లుతాను. 2024లో దానికి, ఇది ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. నా నొప్పికి మా ఇంట్లో ఇంకా రాలేదు. ఇదివరకు ఒళ్లు బాగున్న రోజున చీకటి పడేదాకా అల్లేసి, మూడు రోజులు మంచం పట్టేదాన్ని. ఇప్పుడు ఇరవై నిమిషాలకి ఫోన్లో అలారం. వరస సగంలో ఉన్నా సూది కింద పెట్టాల్సిందే. కాలవగట్టు మీద నడక మూడో కొబ్బరిచెట్టు దాకా అని మొదలెట్టాను, ఇప్పుడు లాకుల దాకా పోతున్నాను. రాత్రి ఓ చిన్న మాత్ర. నొప్పి పోలేదు, కాస్త గొంతు తగ్గించింది.

అన్నట్టు, మొన్న మా అత్తగారి మోకాలి ఎక్స్‌రేలో అరుగుదల కనిపించింది. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ ఆవిడకి కాఫీ మంచం దగ్గరికే. ఆవిడేమో నాకసలు నొప్పే లేదర్రా అని మొత్తుకుంటూ గేదెకి కుడితి పెట్టడానికి పోతున్నారు. ఎవరూ నమ్మడం లేదు పాపం. ఆవిడ బాధ నాకు తెలుసు.

ఇంకా రాద్దును గానీ, అలారం మోగుతోంది.