మానేశానుగారి ఆరోగ్యం

మాంసాహారం మానేసినవారి ఆరోగ్యం ఏ మేరకు బాగుపడుతుందన్న విషయంలో శాస్త్రజ్ఞులకు ఇంకా కొన్ని సందేహాలు మిగిలి ఉన్నాయి గాని, మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషికి మాత్రం ఏ సందేహమూ లేదు. ఆయన మానేసి ఈ రోజుకు ఇరవై మూడు రోజులు. ఈ లెక్క నేను పెట్టుకున్నది కాదు. ప్రతి ఉదయం సంచి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చునేలోపు ఆయనే ప్రకటిస్తారు. ఆయన అసలు పేరు సిబ్బంది జాబితాలో భద్రంగా ఉంది. మేము మాత్రం గౌరవంగా ‘మానేశానుగారు’ అని పిలుచుకుంటున్నాం.

ఆయన ఆరోగ్యంలో వచ్చిన మార్పులను క్రమం తప్పకుండా నివేదిస్తున్నారు కాబట్టి నాకు నోటికి వచ్చేశాయి. నాలుగో రోజుకు మోకాళ్ల నొప్పి పోయింది. ఆరో రోజుకు గురక ఆగింది. సాక్ష్యం ఏమిటని అడిగితే, తనకు వినబడటం లేదన్నారు. తొమ్మిదో రోజుకు కోపమన్నది పూర్తిగా నశించిందని వివరిస్తుండగా, ఫైలు తెచ్చి మధ్యలో మాట కలిపిన కుర్రవాణ్ని ఆయన కేకలేసిన తీరుకు పై అంతస్తువాళ్లు ఏమైందోనని దిగి వచ్చారు. పదిహేనో రోజుకు చూపు మెరుగుపడిందట. కళ్లజోడు ఇంట్లో మరచిపోయి వచ్చి, ఆ రోజంతా ఉత్తరాలు నాచేత చదివించుకున్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మన పెద్దలు ఊరికే అనలేదు.

పన్నెండో రోజున మా మేనేజరు గారి పదవీ విరమణ విందు జరిగింది. ఆ సాయంత్రం మానేశానుగారు పళ్లెం నింపుకున్న క్రమాన్ని నేను ఒక పరిశోధకుడికి తగిన శ్రద్ధతో గమనించాను. మొదట నూనె ఓడుతున్న బంగాళాదుంప వేపుడు రెండు గరిటెలు పడింది. దానికి ఒంటరితనం తెలియకుండా పక్కనే మళ్లీ బంగాళాదుంపే, ఈసారి చిప్స్ రూపంలో చేరింది. ఆ పైన తెల్లని మైదా రొట్టె నాలుగు ముక్కలు, వాటి మీద వేలెడు మందాన వెన్న. ఆకుకూర ఉన్న గిన్నె దగ్గరకు వచ్చేసరికి ఆయన ఆగారు. మూత తీశారు. లోపలికి తొంగి చూసి, ఆప్తబంధువును గుర్తుపట్టినట్టు ‘ఇదీ మనదే’ అని తల పంకించి, మూత పెట్టేసి ముందుకు కదిలారు. పండ్ల ముక్కల పళ్లేనికి కూడా ఇదే మర్యాద దక్కింది. చివరికి ఒక చేత్తో పళ్లెం, మరో చేత్తో పెద్ద గ్లాసు కూల్‌డ్రింకు పట్టుకుని మా బల్ల దగ్గరకు చేరుకుని, ఎదురుగా కూర్చున్న కొత్తమ్మాయి పళ్లెం వంక చూసి నిట్టూర్చారు. ఆ అమ్మాయి పళ్లెంలో అరచేతిలో సగమంత చేప ముక్క, దాని చుట్టూ గుట్టగా పచ్చి కూరగాయల ముక్కలు, ఉడికించిన చిక్కుడు గింజలు ఉన్నాయి.

‘నీ గుండె గురించి నాకు బెంగగా ఉందమ్మా’ అన్నారు మానేశానుగారు.

ఆ పిల్ల బిక్కమొహం వేసి ‘డాక్టరు గారు ఏమైనా చెప్పారా సార్?’ అని అడిగింది. తన గుండె పరీక్ష ఫలితాలు ఈయన చేతిలో ఎలా పడ్డాయోనని భయపడింది కాబోలు. దానికి జవాబుగా ఆయన ఐస్‌క్రీం కప్పు చేతిలోకి తీసుకుని ఉపన్యాసం ప్రారంభించారు. మొదటి కప్పు ముగిసేసరికి మనిషి దంతాలు శాకాహారానికే నిర్మితమయ్యాయని తేలింది. రెండో కప్పుతో ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త పైథాగరస్ రంగప్రవేశం చేశాడు. మూడో కప్పు అడుగంటేసరికి ఆ అమ్మాయి చేప ముక్కను రుమాలు కింద దాచేసింది.

పైథాగరస్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. మాంసం తిననివారిని ఇంగ్లండులో వెనకటికి పైథాగరస్ మార్గీయులనే అనేవారు. 1847లో అక్కడ రామ్స్‌గేట్‌లో శాకాహార సంఘం ఏర్పడిన తరువాతే ‘వెజిటేరియన్’ అన్న ఇప్పటి పేరు స్థిరపడింది. అయితే ఆ మహానుభావుడు చిక్కుడు గింజలను కూడా నిషేధించాడని ప్రతీతి. మాంసం మానేసినవారికి మాంసకృత్తులు సమకూర్చే ముఖ్యమైన వనరు ఆ గింజల జాతే కాబట్టి, గురువుగారి మాట పొల్లుపోకుండా పాటిస్తే శిష్యులు ఎంతకాలం నిలుస్తారో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.

మానేశానుగారి సిద్ధాంతం చాలా సరళమైనది. జంతువు నుంచి రానిదల్లా ఆరోగ్యమే. ఈ సూత్రం ప్రకారం చక్కెర చెరకు నుంచి వస్తుంది కాబట్టి కూరగాయ. మైదా ధాన్యం. పొగాకు ఆకు కనుక దాన్ని ఆకుకూరల పద్దులో వేసుకోవచ్చు. ద్రాక్షసారా పండ్ల రసం. శాకనూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టిస్తే పుట్టే ట్రాన్స్ కొవ్వులో ఏ జీవహింసా లేదు. గుండె ధమనులకు అంతకంటే చెడ్డ కొవ్వు లేదని తేలినందువల్ల 2023 నాటికి దాన్ని ప్రపంచంలోని ఆహారమంతటి నుంచీ తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పిలుపునిచ్చిందంటే, అది బహుశా ఆ సంస్థకు మొక్కల మీద ఉన్న కక్ష కావచ్చు.

హార్వర్డ్ పరిశోధకులు కూడా ఇదే కక్షతో 2017లో ఒక పని చేశారు. రెండు లక్షలకు పైగా నర్సులు, ఇతర వైద్యరంగ ఉద్యోగుల ఆహారపు అలవాట్లను ఏళ్ల తరబడి నమోదు చేసి, మొక్కల నుంచి వచ్చే ఆహారాన్ని రెండు రకాలుగా విడదీశారు. ముడి ధాన్యాలు, పండ్లు, కూరగాయలు, గింజలు, పప్పులు ఒక వైపు. తీపి పానీయాలు, తెల్లపిండి, వేయించిన బంగాళాదుంపలు, మిఠాయిలు రెండో వైపు. మొదటి వైపు బాగా మొగ్గినవారికి గుండెజబ్బు ముప్పు పావు వంతు తక్కువగా కనిపించింది. రెండో వైపు మొగ్గినవారికి సుమారు మూడో వంతు ఎక్కువగా కనిపించింది. ఆ రెండో వైపు జాబితాను చదువుతుంటే, పదవీ విరమణ విందులో నా పక్కనున్న పళ్లేన్ని ఎవరో చూసి రాసుకున్నట్టే అనిపించింది.

మంచి కొంచెం కూడా లేదని నేను అనడం లేదు. బ్రిటన్‌లో 48 వేల మందికి పైగా మనుషులను సుమారు 18 ఏళ్లపాటు గమనించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, మాంసాహారులతో పోలిస్తే శాకాహారులకు గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువగా వచ్చింది. పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువగా వచ్చింది. శాతాలు చెవులకు ఇంపుగా ఉంటాయి గాని, తలలు లెక్కిస్తే ప్రతి వెయ్యి మందిలో పదేళ్ల కాలానికి గుండెజబ్బు పది మందికి తగ్గి, పక్షవాతం ముగ్గురికి పెరిగిందన్నమాట. ఇది మేలైన బేరమే. మానేశానుగారు మాత్రం మొదటి వాక్యం చదివి పత్రిక మడిచేశారు. అమెరికాలో అడ్వెంటిస్టు క్రైస్తవులలో జరిగిన అధ్యయనాన్నీ ఆయన తరచు స్మరిస్తారు. అందులో శాకాహారుల మరణాలు 12 శాతం తక్కువగా ఉన్నమాట నిజమే. ఆ సమాజంవారు సాధారణంగా పొగతాగరన్న సంగతి చెప్పడానికి నేను వెళ్లేసరికి ఆయన సిగరెట్టు కాల్చుకోవడానికి మెట్ల దగ్గరకు వెళ్లారు.

ఆ మెట్ల దగ్గరే నాకు మరో పాఠం చెప్పారు. మాంసమూ సిగరెట్టూ ఒకటేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే తేల్చిందట. కాన్సర్ పరిశోధనకు సంబంధించిన ఆ సంస్థ విభాగం 2015లో ఉప్పు వేసి, పొగబెట్టి నిలవచేసిన మాంసాన్ని పొగాకు ఉన్న మొదటి వర్గంలోనే చేర్చిందన్నది వాస్తవం. అయితే ఆ వర్గాలు సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతాయి గాని ముప్పు ఎంత పెద్దదో చెప్పవు. అలాంటి మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు కాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ విభాగమే లెక్క కట్టింది. పొగాకు వల్ల ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెండూ ఒకటే అయితే ఒకటి మానేసి రెండోది ఎందుకు ఉంచుకున్నారని అడిగాను. ఆయన పొగ వదిలి, ‘ఒక్కొక్కటిగా మానాలండీ’ అన్నారు.

ఇరవయ్యో రోజున రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన ఎంత నేర్పుగా మడిచారంటే, చెడ్డ కొలెస్ట్రాల్‌ను చూపే ఎల్‌డీఎల్ అన్న ఒక్క గీత మాత్రమే పైకి కనిపించేది. అది తగ్గింది. తగ్గుతుంది కూడా, మాంసపు కొవ్వు తగ్గితే ఆ కొలెస్ట్రాల్ కొన్ని వారాలలోనే దిగుతుంది. 2023లో అచ్చయిన ఒక ప్రయోగంలో 22 జతల ఒకే పోలిక కవలలలో ఒకరికి పూర్తిగా మొక్కల ఆహారం, మరొకరికి మాంసంతో కూడిన మంచి ఆహారం ఎనిమిది వారాలు పెట్టి చూసి ఈ సంగతే నిర్ధారించారు. కాగితం నా బల్ల మీదకు వచ్చినప్పుడు నేను మడత విప్పాను. రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, ఎప్పుడూ లేనంత ఎత్తులో ఉన్నాయి. కూల్‌డ్రింకులూ మైదా రొట్టెలూ ఐస్‌క్రీములూ చేసే పని అదే. ఆయన ఆ అంకెను కళ్లజోడు లేకుండా కాసేపు చూసి, మెరుగుపడిన చూపుకు అది కనిపించలేదని చెప్పి, కాగితాన్ని పాత మడతల్లోనే మడుచుకున్నారు.

నిజానికి నేను కూడా మాంసం మానేసి పదకొండేళ్లయింది. మా ఆఫీసులో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు గనుక. ఈ పదకొండేళ్లలో నా మోకాలి నొప్పి ఎక్కడికీ పోలేదు. మలబద్ధకం మాత్రం పోయింది. పీచు పెరిగితే పోతుంది. విందులలో ప్రకటించుకోవడానికి అంత యోగ్యమైన విషయం కాదు కాబట్టి ఊరుకున్నాను.

ఇంతవరకూ చెప్పినదంతా మానేశానుగారి ఒంటికి సంబంధించినది. ఆయన ఒళ్లు, ఆయన ఇష్టం. ఇక మా అకౌంట్లు చూసే పెద్దావిడ సంగతి.

ఆవిడకు మధుమేహం ఉంది. చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నారు. నాలుగేళ్ల క్రితం ఒక ఆరోగ్య గురువు వీడియోలు చూసి మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, అన్నీ ఒక్కసారిగా మానేశారు. బి12 అనే విటమిన్ సహజంగా జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే దొరుకుతుంది, మెట్‌ఫార్మిన్ దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వదు అన్న రెండు ముక్కలు ఆ వీడియోలలో ఎక్కడా లేవు. కాలేయంలో ఆ విటమిన్ నిలవ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది కనుక మొదట్లో అంతా బాగానే ఉంది. అదే దానితో వచ్చిన చిక్కు. అరికాళ్లలో తిమ్మిరి మొదలయ్యేసరికి తిండికీ దానికీ ఉన్న ముడి ఎవరికీ తట్టలేదు. ఆవిడ ఆ గురువుగారి బృందానికి ఫోను చేసి అడిగారు. ‘విషాలు బయటికి పోతున్నాయమ్మా, భయపడకండి’ అన్నారు. మాత్రలు కూడా విషమేనని, ఒక్కొక్కటీ మానేయమని చెప్పారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఓచర్లు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది వరండాలో ఎక్కడో జారిపోయింది. నేను చూపించేవరకూ ఆవిడకు తెలియలేదు. కిందికి చూసుకుని, సిగ్గుపడి నవ్వారు.

ఎవరయ్యా మీరు? చచ్చుబడుతున్న నరాలను చూసి విషం పోతోందని చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది? ప్రాణాంతకమైన రక్తహీనతకు కాలేయం తినిపించి నయం చేయవచ్చని చూపినందుకు 1934లో ముగ్గురు వైద్యులకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ కాలేయంలోని అసలు పదార్థం బి12 అని 1948లో తేలింది. అంటే ఇది నిన్న మొన్నటి రహస్యం కాదు. ఒక రక్తపరీక్ష, రోజుకొక మాత్ర. మానమని చెప్పేవాడు ఆ ఒక్క మాట కూడా చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే శాకాహారం సర్వరోగ నివారిణి కాకుండా పోతుందని, చూసేవాళ్లు తగ్గుతారని దాచారు. మీ వీడియోకు ఒక లక్ష మంది దొరికారు, ఆవిడకు అరికాలు కింద నేల దొరకలేదు. ఆలస్యం చేస్తే ఆ నరాలు మళ్లీ పూర్తిగా కోలుకోకపోవచ్చునని డాక్టరు చెప్పారు. కోలుకోలేదు కూడా. కుడికాలికి స్పర్శ చాలావరకు వచ్చింది. ఎడమ పాదంలో వేళ్ల దాకా రాలేదు. చెప్పుకు ఇప్పుడు వెనుక పట్టీ కుట్టించుకున్నారు.

మొన్న ఆవిడ నెలవారీ బి12 ఇంజెక్షన్ వేయించుకుని, భుజం మీద దూదిని వేలితో అదుముకుంటూ ఆఫీసుకు వచ్చారు. మానేశానుగారు కుర్చీ తిప్పి, ఎంతో ఆప్యాయంగా, ‘అమ్మా, ఆ మందు శాకాహారమేనా, కనుక్కున్నారా?’ అని అడిగారు.

దాన్ని బాక్టీరియాను పెంచి తయారుచేస్తారని, ఏ జంతువుకూ అందులో ప్రమేయం లేదని నేనే చెప్పాను. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు.

‘బాక్టీరియా మాత్రం ప్రాణం కాదుటండీ?’ అన్నారు.

పెద్దావిడ దూది తీసి, చెత్తబుట్ట నా బల్ల కింద ఉన్నా, వెళ్లి ఆయన బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్లిపోయారు.