ఇత్తడి దీపాల చుట్టూ ఇన్ని కట్టుకథలా?

‘కంపెనీలు దాచిపెట్టిన కారు దీపం రహస్యం’ అనే మెసేజి మళ్ళీ తిరగడం మొదలైంది. పైన ఇత్తడి దీపాలున్న పాత కారు బొమ్మ, దాని కింద అయిదు పాయింట్లు, అడుగున ‘మీరు నిజమైన ఇంజనీరైతే షేర్ చేస్తారు’ అన్న బెదిరింపు. నేనున్న గ్రూపుల్లో ఇంజనీర్లకు కొదవ లేదు కాబట్టి అందరూ షేర్ చేశారు. ఒకరు పంపినదాన్ని మరొకరు ‘అమూల్యమైన సమాచారం’ అని మెచ్చుకుని తిరిగి నాకే పంపారు. ఇది సరికాదండీ అని మర్యాదగా చెబితే, ‘అయితే మీకు తెలిసింది రాయండి’ అన్నారు. సరే, రాస్తున్నాను.

మెసేజి సారాంశం ఇది. 1912కు ముందు కార్లకు దీపాలే లేవు. విద్యుత్ దీపాన్ని కెటరింగ్ అనే ఆయన ఒక్కడే కనిపెట్టాడు. కిరోసిన్ కంపెనీలతో లోపాయికారీ ఒప్పందం ఉండటంతో ఫోర్డ్ దాన్ని తొక్కిపెట్టాడు. తొలి కారు బల్బులు వందేళ్ళు వెలిగేవి, కంపెనీలు కుమ్మక్కై వాటిని మాయం చేశాయి. ఆఖరుది: దీపానికి వాట్లే ముఖ్యం, మిగతాదంతా షోకు, కాబట్టి మీ బండిలోనూ ఎక్కువ వాట్ల బల్బో ఎల్‌ఈడీ బల్బో పెట్టుకోండి. మొదటి నాలుగూ చదివి నవ్వుకోవచ్చు. అయిదోది మనుషుల ప్రాణం మీదికి తెచ్చేది. దాని పని తర్వాత పడతాను.

1912కు ముందు దీపాలు లేకపోతే, మెసేజి పైనున్న బొమ్మలో ఆ ఇత్తడి దీపాలు దేనికి? ఆయుధపూజకు బొట్లు పెట్టడానికా? అవి గ్యాసు దీపాలు. కాల్షియం కార్బైడ్ ముక్కల మీద నీటి చుక్కలు పడితే పుట్టే అసిటిలీన్‌తో వెలిగేవి. మన ఊళ్ళలో గ్యాస్ వెల్డింగ్ చేసేవాళ్ళు మండించేదీ అదే. 1909లో ఇంగ్లిష్ చానెల్‌ను విమానంలో దాటిన లూయీ బ్లేరియో, తన విమానాల పిచ్చికి కావలసిన డబ్బును ఫ్రాన్సులో ఈ కారు దీపాలు అమ్మే సంపాదించాడు. అమెరికాలో 1904లో మొదలైన ప్రెస్టోలైట్ వ్యాపారం అసిటిలీన్‌ను సిలిండర్లలో నింపి అమ్మింది. కారు పక్కన ఫుట్‌బోర్డు మీద ఆ సిలిండరు బిగించుకునేవారు. దాన్ని నడిపిన కార్ల్ ఫిషర్, జేమ్స్ అలిసన్ ఇద్దరూ ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే అనే రేసు ట్రాకు స్థాపకుల్లో ఉన్నారు. దీపాలే లేని కార్లకు దీపాల గ్యాసు అమ్మి అంత సంపాదించారంటే మహానుభావులే!

ఇక అమెరికన్ ఇంజనీరు కెటరింగ్. గొప్పవాడే, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ 1898లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో తయారైన కొలంబియా ఎలక్ట్రిక్ కారుకు, కొనేవారు కోరితే విద్యుత్ దీపాలు బిగించి ఇచ్చేవారు. 1908లో పీర్లెస్ కంపెనీ వాటిని తన కార్లతో పాటే ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సంస్థ ఒకటి అదే ఏడాది ముందు దీపాలు, పక్క దీపాలు, వెనక దీపం కలిపి 8 వోల్టుల బ్యాటరీతో నడిచే సెట్టుగా అమ్మింది. అంటే 1912 నాటికి కారుకు విద్యుత్ దీపం కొత్త వస్తువు కాదు. రాత్రంతా దానికి కరెంటు ఇచ్చే ఏర్పాటే కొరవడింది.

బ్యాటరీతోనే నడిచే కారుకు ఆ బాధ లేదు. పెట్రోలు కారులో మాత్రం బ్యాటరీ దిగిపోతే విప్పి గ్యారేజీకి మోసుకెళ్ళి ఛార్జి చేయించుకోవాలి. పోనీ డైనమో పెడదామంటే, ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు వోల్టేజి చాలదు. జోరుగా తిరిగితే మితిమీరి బల్బు మాడిపోతుంది. ఇంజను ఆగిందంటే బ్యాటరీలో ఉన్న కరెంటు ఎదురు తిరిగి డైనమోలోకే పారుతుంది. ఆ ఎదురు పారకాన్ని ఆపడానికి కటౌట్ అనే విద్యుదయస్కాంత స్విచ్చి, ఛార్జింగును అదుపులో పెట్టడానికి డైనమోలో మూడో బ్రష్షు (తిరిగే భాగానికి ఆనుకుని ఉండే కార్బన్ ముక్క), తర్వాత రెగ్యులేటర్లు వచ్చాయి. అమెరికాలోని డేటన్‌లో కెటరింగ్ బృందం ఈ చిక్కుముడిని విప్పి, స్టార్టరు, డైనమో, బ్యాటరీ, ఇగ్నిషన్, దీపాలు అన్నిటినీ ఒకే వ్యవస్థగా కలిపి 1912 కాడిలాక్ కారులో పెట్టింది. ఆయన ఘనత అది. మరుసటి ఏడాదే జర్మనీలో బాష్ దీపం, డైనమో, రెగ్యులేటరు కలిపి అమ్మకానికి పెట్టింది. బల్బును ఎవరో ఒక్కరే కనిపెట్టేస్తే ఇంతమంది ఇన్నేళ్ళు దేనితో కుస్తీ పట్టినట్టు?

ఫోర్డ్ కుట్రకు ఒక్క పేరా కన్నా ఎక్కువ అర్హత లేదు. 1915 మోడల్ టీ కారు నుంచి విద్యుత్ హెడ్‌లైట్లు ఇచ్చినవాడు ఫోర్డే. లక్షల కార్లకు బిగించి అమ్మడాన్ని తొక్కిపెట్టడం అంటారని నాకు ఇంతవరకు తెలియదు. ఆయన మీద చేయదగ్గ ఫిర్యాదు వేరే ఉంది. డైనమో, బ్యాటరీల ఖర్చు తప్పించుకోవడానికి, ఫ్లైవీల్ అనే ఇంజను చక్రానికి బిగించిన 16 అయస్కాంతాల మాగ్నెటో (ఇగ్నిషన్‌కు కరెంటు పుట్టించే యంత్రం) నుంచే దీపాలకూ కరెంటు లాగాడు. ఇంజను వేగం తగ్గితే వెలుగూ తగ్గేది. గతుకుల దగ్గర, మలుపుల దగ్గర నెమ్మదించినప్పుడే, అంటే దారి కనిపించాల్సిన చోటే దీపాలు ఎర్రబడిపోయేవి. డ్రైవరు లో గేరు వేసి ఇంజనును గట్టిగా రేజ్ చేసి వెలుగు తెప్పించుకోవాల్సి వచ్చేది. పైగా రెండు బల్బులూ సిరీస్‌లో ఉండటంతో ఒకటి పోతే రెండోదీ ఆరిపోయేది. పక్క దీపాలు మాత్రం కిరోసినువే. ఆ కిరోసిను వాసనకే మెసేజి రాసినాయనకు కుట్ర తట్టి ఉంటుంది.

వందేళ్ళ బల్బు అందరికీ తెగ నచ్చినట్టుంది. సాక్ష్యంగా కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైర్ స్టేషన్ బల్బును చూపిస్తున్నారు. అది 1901 నుంచి వెలుగుతున్న మాట నిజం. అయితే అది కార్బన్ తీగ బల్బు, ఇప్పుడు వాడుకునేది సుమారు 4 వాట్లు, ఇచ్చేది బెడ్‌లైటు పాటి వెలుగు. కదలని కప్పు నుంచి వేలాడుతూ, దాదాపు ఎన్నడూ ఆర్పకుండా ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి గతుకుల రోడ్డు మీద కుదుపుతూ ఆర్పి వెలిగిస్తూ ఎన్నాళ్ళు బతుకుతుందో చూడమనండి. బతికినా దాని వెలుగులో ఎదురుగా ఉన్న గేదె కనిపించదు.

కుట్ర మాట మాత్రం పూర్తిగా గాలివార్త కాదు, ఒప్పుకోవాలి. 1924లో జెనీవాలో ఆస్రామ్, ఫిలిప్స్ వంటి పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో కూటమి కట్టాయి. ఇళ్ళలో వాడే మామూలు బల్బు ఆయుష్షును 1000 గంటలకు కుదించాయి. అంతకంటే ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానాలు కూడా వేశాయి. సిగ్గుమాలిన పని, సందేహం లేదు. కానీ 1924లో పుట్టిన కూటమి 1908 నాటి కారు బల్బును ఎలా చంపింది? కాలయంత్రం ఎక్కి వెళ్ళిందా?

అసలు సంగతి తీగలో ఉంది. తీగ ఎంత వేడెక్కితే అంత వెలుగు, అంత త్వరగా చావు. తీగ బల్బుకు వోల్టేజి 5 శాతం తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది, వెలుగులో సుమారు ఆరో వంతు పోతుంది. ఏది కావాలో మీరే తేల్చుకోవాలి. తొలినాటి కార్బన్ తీగ వాటుకు సుమారు 3 ల్యూమెన్లు (వెలుగు కొలత) ఇచ్చేది. అందుకే చాలా ఏళ్ళ పాటు గ్యాసు దీపమే మేలనిపించింది. టంగ్‌స్టన్ తీగ 1904లో వచ్చింది గానీ అది గాజు పుల్లలా పెళుసు, కుదుపులకు తెగిపోయేది. 1910 ప్రాంతంలో జనరల్ ఎలక్ట్రిక్‌లో కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ను సాగే తీగగా లాగగలిగాక, కార్బన్‌కు సుమారు మూడు రెట్లు వెలుగిచ్చే గట్టి బల్బు కారుకు దక్కింది. ఏ కంపెనీ ఏదీ దాచలేదు. పాతదానికన్నా మంచిది దొరికితే జనం కొన్నారు, అంతే.

ఇప్పుడు వాట్ల మాట. ఇంటర్మీడియట్‌లో పరావలయం (పారబోలా), నాభి (ఫోకస్), అక్షం అని రాత్రులు మేలుకుని బట్టీ పట్టిన ఇంజనీర్లే ‘వాట్లే ముఖ్యం’ అని ఫార్వర్డ్ చేస్తుంటే మన చదువుల మీద జాలి కలుగుతుంది. ఆ కాలపు హెడ్‌లైటు ఒకటి విప్పి చూద్దాం. ముందున్న రింగు తిప్పి గాజు తీస్తే లోపల వెండి పూత పూసిన లోహపు గిన్నె కనిపిస్తుంది. షోకు అని కొట్టిపారేసింది ఈ గిన్నెనే. అది పరావలయాన్ని తిప్పితే వచ్చే ఆకారం. నాభి దగ్గర బయలుదేరిన కిరణం గిన్నెకు తగిలి అక్షానికి సమాంతరంగా ముందుకు పోతుంది. తీగ నాభి దగ్గరే ఉండాలి, వీలైనంత చిన్నదిగా ఉండాలి. అక్కడే 6 వోల్టుల బ్యాటరీ వరమైంది. 24 వాట్ల బల్బు 6 వోల్టుల మీద 4 ఆంపియర్లు లాగుతుంది. అదే బల్బును 110 వోల్టులకు చేస్తే పావు ఆంపియరు కూడా లాగదు. ఎక్కువ ఆంపియర్లకు పొట్టి, లావుపాటి తీగ కావాలి, తక్కువ ఆంపియర్లకు పొడవాటి, సన్నని తీగ. ఇంటి బల్బులోని ఆ పొడవాటి తీగను ఏ గిన్నె నాభిలోనూ ఇమడ్చలేం. పొట్టి తీగను చిన్న స్ప్రింగులా చుట్టి ఇమడ్చవచ్చు, అది కుదుపులకూ ఓర్చుకుంటుంది.

బల్బు అడుగున రెండు చిన్న పిన్నులు, హోల్డరులో ఒక స్ప్రింగు. నొక్కి తిప్పితే అక్కడే కూర్చుంటుంది. స్క్రూలా తిప్పి బిగించే రకమైతే రోడ్డు కుదుపులకు వదులవుతుంది. దీపం వెనక ఒక స్క్రూ. దాన్ని తిప్పితే హోల్డరు ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా జరుగుతుంది. కారును గోడకు పాతిక అడుగుల దూరంలో నిలిపి, గోడ మీద పడే వెలుగు చూస్తూ ఆ స్క్రూ తిప్పి సరిచేసేవారు. వాట్లే ముఖ్యమైతే ఆ స్క్రూ ఎందుకు పెట్టారో మెసేజి రాసినాయన సెలవివ్వాలి.

లెక్క కూడా చెబుతాను, ఇంజనీర్లు కదా. నాభి దూరం 25 మిల్లీమీటర్లు ఉన్న గిన్నెలో తీగ 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే కిరణం 2 డిగ్రీలకు పైగా వాలుతుంది. 50 మీటర్ల దూరంలో అది 2 మీటర్ల తేడా. రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఎదురుగా మోటారు సైకిల్ మీద వస్తున్న మనిషి కళ్ళలో పడుతుంది. హైదరాబాదు నుంచి విజయవాడ దారిలో రాత్రిపూట ఒక్కసారి బండి నడిపినవాళ్ళకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

పాత దీపాలూ కళ్ళలో కొట్టేవే. టంగ్‌స్టన్ బల్బులు కార్లకెక్కిన కొన్నాళ్ళకే ఎదుటివాళ్ళ కళ్ళు చెదురుతున్నాయని అమెరికాలో చట్టాలు మొదలయ్యాయి. 1917 కాడిలాక్‌లో లోపలి నుంచే ఒక లివరుతో వెలుగును కిందికి దించే ఏర్పాటు చేశారు. 1924లో ఆస్రామ్ ఒకే బల్బులో దూరానికి ఒకటి, దగ్గరకి ఒకటిగా రెండు తీగలున్న బైలక్స్ తెచ్చింది. మన లారీల వెనక రాసుకునే ‘డిప్పర్’ చరిత్ర అదే.

నేటి రెండు తీగల హెచ్4 హెడ్‌లైటు బల్బు ఆ బైలక్స్ వారసురాలే. లో బీమ్ (దగ్గరి వెలుగు) తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. గిన్నె కింది సగానికి వెలుగు తగలకుండా, అంటే ఎదుటివాడి కళ్ళలోకి ఎగరకుండా అది అడ్డుకుంటుంది. ఆ బల్బును తీసేసి, చౌకగా దొరికే ఎల్‌ఈడీ బల్బు దూర్చితే తీగ ఉండాల్సిన చోట రెండు పక్కలా చిప్పులున్న మందపాటి పలక వస్తుంది. వెలుగు బోలెడు, పడాల్సిన చోట తప్ప. కంపెనీలో పుట్టిన ఎల్‌ఈడీ హెడ్‌లైట్ల సంగతి వేరు, వాటి గిన్నె, లెన్సు ఆ చిప్పుల కోసమే చేసినవి. 12 వోల్టుల బండిలో 60 వాట్ల చోట 100 వాట్ల బల్బు పెడితే కరెంటు 5 ఆంపియర్ల నుంచి 8కి పైగా పెరుగుతుంది. ముందు హోల్డరు కరుగుతుంది, ఆపై గిన్నె పూత మసకబారుతుంది. అప్పుడు వెలుగు ఇంకా తగ్గిందని 130 వాట్లది కొనండి, మెసేజి రాసినాయన అదీ చెబుతాడు.

నిజంగానే మీ పాత బండి దీపం గుడ్డిగా ఉంటే ముందు గాజు, గిన్నె చూడండి. అవి బాగుంటే ఇంజను నడుస్తుండగా బల్బు హోల్డరు దగ్గర వోల్టేజి కొలిపించండి. బ్యాటరీ దగ్గర ఉన్నదాని కంటే ఒక వోల్టు తక్కువ ఉన్నా, వెలుగులో సుమారు పావు వంతు దారిలోనే పోతోందన్నమాట. ఎక్కువసార్లు దోషం తుప్పు పట్టిన ఎర్తింగు దగ్గరే దొరుకుతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ దాన్ని గీకి బిగించడానికి తీసుకునేది ఆ ఎల్‌ఈడీ సెట్టు ధరలో పిసరంత.