మేనమామ రాలేదు, సర్వర్ లేవలేదు

లినక్స్ సర్వర్‌లో తప్పు చేస్తే అది వెంటనే కయ్‌మనదు. రీబూట్ అయ్యేదాకా కడుపులో పెట్టుకుంటుంది. ఆలోగా తప్పు చేసినవాడు రాజీనామా ఇచ్చి, పార్టీ ఇచ్చి, బెంగళూరు చేరిపోతాడు.

మా ఆఫీసు పాత అడ్మిన్ బ్యాకప్ కోసం ఒక యూఎస్‌బీ డిస్క్ తగిలించి, దాని వివరం ఎఫ్‌స్టాబ్ ఫైల్లో రాశాడు. ఏ డిస్క్ ఏ ఫోల్డర్ కింద కనపడాలో ఆ ఫైలే చెబుతుంది. వెళ్లే ముందు డిస్క్ పీకి బీరువాలో పెట్టాడు. లైను మాత్రం అలాగే ఉంది. అయినా సర్వర్ హాయిగా నడిచింది. లేచేటప్పుడు తప్ప దానికి ఆ ఫైలుతో పెద్దగా పని లేదు మరి.

మొన్న యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి సర్వర్ ఆపారు. మళ్లీ స్విచ్ వేస్తే ఫ్యాన్లు రొద పెట్టాయి, తెర మీద అక్షరాలు జలజలా పారాయి, ఠక్కున ఆగాయి. ఎర్ర చుక్కలు అటూ ఇటూ పచార్లు. పక్కన ఆ డిస్క్ కోసం ఎదురుచూసే 1 నిమిషం 30 సెకన్ల గడువు. మేనమామ రానిదే పెళ్లికూతుర్ని పీటల మీదికి తీసుకురామని భీష్మించిన పెళ్లివారి వరస. మేనమామేమో బీరువాలో. బీరువా తాళాలు సెలవులో ఉన్న హెచ్చార్ మేడం దగ్గర.

గడువు తీరింది. ‘ఎమర్జెన్సీ మోడ్’ అని పడింది.

“ఫైర్ స్టేషన్ నంబరు ఎవరి దగ్గరుందయ్యా?” అన్నారు మేనేజర్ గారు.

మా సర్వర్‌లో ఉన్నది ఉబుంటు అనే లినక్స్. అందులో సర్వాధికారాలుండే రూట్ ఖాతాకి మొదట్నుంచీ తాళమే కదా, లోపలికి రానివ్వనంది. ఎంటర్ నొక్కితే ముందుకెళ్తానంది. నొక్కాం. కాసేపటికి మళ్లీ అక్కడికే వచ్చింది. మేనేజర్ గారు కీబోర్డు ముందున్న కుర్రాణ్ని పక్కకి తప్పించి, ఇంకాస్త గట్టిగా నొక్కారు.

చివరికి ఆ కుర్రాడే పెన్‌డ్రైవ్‌లోని ఉబుంటుతో బూట్ చేసి, ఫైలు తెరిచి, ఆ లైనుకి ‘నోఫెయిల్’ అని తగిలించాడు. మేనమామ వస్తే సంతోషం, రాకపోతే తాళి కట్టించేయండి అని దానర్థం. సర్వర్ లేచి కూర్చుంది. డిస్క్ తీసిన రోజే ‘ఫైండ్‌మౌంట్’ అనే కమాండ్‌ని ఆ ఫైలు వెరిఫై చేయమంటే, బూట్‌కి కావాల్సిన డిస్క్ అందట్లేదని అదే చెప్పేదట.

“ఎందుకైనా మంచిది సార్, నెలకోసారి మనమే రీబూట్ చేసి చూసుకుందాం” అన్నాడు కుర్రాడు.

మేనేజర్ గారు వాణ్ని ఎగాదిగా చూసి, స్విచ్ మీద ‘ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపరాదు’ అని కాగితం అంటించి, ఊడిపోకుండా పైన రెండు వరసలు టేపు వేశారు.