బాబాయిగారి లైను ఎప్పుడూ ఎంగేజే

తెనాలిలో పెళ్లి సంబంధాలు చూసే మా బాబాయిగారు తమ పాత ల్యాండ్‌లైన్ నంబరును వదులుకోవడానికి ససేమిరా ఒప్పుకోరు. కరపత్రాల మీద, గోడ క్యాలెండర్ల మీద ఏళ్ల తరబడి అచ్చవుతూ వచ్చిన నంబరది. అయితే కార్యాలయంలోని గదులన్నిటికీ ఫోన్లు కావాలనీ, రాత్రిపూట ఎవరైనా పిలిస్తే వారి మాటలు రికార్డు కావాలనీ ఆయన ముచ్చటపడడంతో, ఒక కుర్రవాడు వచ్చి ఆ లైనును ఇంటర్నెట్ ఫోన్లతో కలిపే గేట్‌వే పెట్టె ఒకటి బిగించి వెళ్లాడు.

ఆ పెట్టె వెనక రెండు రకాల పోర్టులుంటాయి. ఎఫ్ఎక్స్ఓ అనేది ఎక్స్చేంజి నుంచి వచ్చే లైనును పుచ్చుకునేది. ఎఫ్ఎక్స్ఎస్ అనేది తానే 48 వోల్టులు ఇచ్చి, గంట మోగించి, మామూలు ఫోనును పోషించేది. చూపులకు రెండూ ఒక్కలాగే ఉండడం వల్ల కుర్రవాడు లైనును మొదట ఎఫ్ఎక్స్ఎస్‌లో గుచ్చాడు. రెండు పక్షాల వారూ కన్యాదాతలే అయిన పెళ్లిచూపుల్లో వలె, అటు ఎక్స్చేంజీ, ఇటు మన పెట్టె కూడా వోల్టులు ఇచ్చేందుకే సిద్ధపడ్డాయి గాని పుచ్చుకునేవారు లేకపోయారు. పోర్టు కాలిపోకపోవడం బాబాయిగారి పూర్వజన్మ సుకృతం. తీగ మార్చాక ఫోను మోగింది, కుర్రవాడు డబ్బు పుచ్చుకుని వెళ్లిపోయాడు.

అసలు కథ ఆ రాత్రి నుంచే మొదలైంది. తెల్లవారి వచ్చి చూస్తే రికార్డులో ఒకే ఒక సందేశం ఉంది. ఎవరో పెద్దమనిషి తన కుమార్తె నక్షత్రం, పాదం చెప్పి ఫోను పెట్టేశారు. ఆ తరువాత చాలాసేపు కుయ్, కుయ్ అనే చప్పుడు, ఆపైన తెల్లవార్లూ నిశ్శబ్దం. గోత్రం ఎక్కడో చివర చెప్పి ఉంటారన్న ఆశతో బాబాయిగారు ఆ చప్పుడంతా శ్రద్ధగా విన్నారు. ఈలోగా లైను మాత్రం ఎవరు చేసినా ఎంగేజ్‌లోనే ఉంది. అడాప్టరు పీకి మళ్లీ పెడితే బాగయ్యేది గనుక దోషమంతా అడాప్టరుదేనని తీర్మానించి, కొత్తది కొని, దానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించారు. కొత్త అడాప్టరు కూడా పాతదాని అడుగుజాడల్లోనే నడిచింది.

నేను లాప్‌టాప్ పట్టుకుని వెళ్లి పెట్టె సెట్టింగుల పేజీ తెరిచాను. పాస్‌వర్డు, ఊహించినట్లే, తయారీదారు పెట్టినదే. దేశం అన్నచోట అమెరికా అని ఉంది. ఎదుటివారు ఫోను పెట్టేసిన సంగతిని లైను ధ్రువాలను తారుమారు చేసి తెలియజేసే పద్ధతి ఒకటుంది గాని, మా బాబాయిగారి లైనుకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఎదుటివారు పెట్టేశాక ఎక్స్చేంజి వినిపించే బిజీ టోన్‌ను, అంటే ఆ కుయ్, కుయ్‌ని, విని పెట్టె గ్రహించాలి. మన ఎక్స్చేంజిలు 400 హెర్ట్జ్ స్వరాన్ని ఒక్కదాన్నే 750 మిల్లీసెకన్లు మోగించి, అంతేసేపు ఆపుతాయి. అమెరికాలో 480, 620 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి అరసెకను మోగి, అరసెకను ఆగుతాయి. తెనాలి ఎక్స్చేంజి ఎంత మొత్తుకున్నా అది బిజీ టోన్ అని ఆ పెట్టెకు తోచలేదు, లైనును వదలనూ లేదు. సందేశానికి గరిష్ఠ నిడివి పెట్టే బుద్ధి కుర్రవాడికీ తోచలేదు.

దేశాల జాబితాలో అఫ్ఘానిస్తాన్ మొదలుకొని వెతికినా మన పేరు కనపడనందువల్ల అంకెలన్నీ చేత్తోనే ఎక్కించి, సందేశం రెండు నిమిషాలు దాటకుండా కట్టడి చేసి, సేవ్ నొక్కి, రీబూట్ కూడా చేసి (సేవ్‌తోనే సరిపెట్టుకుంటే చాలా పెట్టెలు పాత పాటే పాడతాయి), ఆ సెట్టింగులను ఒక ఫైలుగా దాచాను. ఆనాటి నుంచి లైను మొదటి రింగుకే దొరకసాగింది.

వారం తిరగకుండానే బాబాయిగారు పిలిపించారు. ముఖంలో కళ లేదు.

"ఏమిటి బాబాయ్, మళ్లీ ఎంగేజా?"

"అదే వస్తే బాగుండునురా. ఎప్పుడు చేసినా ఎంగేజ్, ఎన్ని సంబంధాలు చూస్తున్నాడో మహానుభావుడు అని ఊరంతా చెప్పుకుని, ఫోను దొరక్క మనుషులే నేరుగా వచ్చేవారు. ఇప్పుడు ఇట్టే దొరుకుతున్నానని, పని లేక కూర్చున్నాననుకుంటున్నారు."

నేను కొట్టిపారేశాను. ఆషాఢం రాగానే కుర్రవాడు వచ్చి పెట్టెకు కొత్త ఫర్మ్‌వేర్ (దాన్ని లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేరు) ఎక్కించాడు. దానితో సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయి అమెరికా తిరిగి వచ్చింది. దాచిన ఫైలు నా దగ్గరే ఉంది, అయిదు నిమిషాల పని, ఇప్పుడే వస్తానని బాబాయిగారి సెల్‌ఫోనుకు చేసి చెప్పాను.

"తొందరేముందిరా," అన్నారాయన, ఎంతో ప్రశాంతంగా. "శ్రావణం రానీ."