పక్క ఊరి గ్రౌండు మనకెందుకు దొరకదు?

ఏటా చలి తగ్గగానే న్యూజెర్సీలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: క్రికెట్‌కి గ్రౌండు దొరకట్లేదు. సంఘం తరఫున పది ఎకరాలు కొనేద్దామని ఎవరో ఒకరు అంటారు, దానికి బోలెడు లైకులు పడతాయి. కొనడం సరే, పార్కింగుకీ వాననీటి పారుదలకీ ప్లానింగ్ బోర్డు అనుమతి తెచ్చుకునేసరికి ఆడాలనుకున్నవాళ్ల మోకాళ్లు అరిగిపోతాయి. న్యూజెర్సీలో మైదానాలకేం తక్కువ లేదు. జూన్ ఆఖరున బడులు మూసేస్తే ఆగస్టు దాకా చాలా స్కూలు గ్రౌండ్లు ఖాళీగానే పడుంటాయి. వాటిని ఊళ్లూ బడులూ కలిసి వాడుకునేలా ఒప్పందం చేయించడం మీద మన సంఘాలు పట్టుబట్టాలి.

చిక్కంతా ఒక్క నిబంధన దగ్గరుంది. రాష్ట్రంలో 564 మున్సిపాలిటీలు, దేని రూలు దానిదే. పర్మిట్ కావాలంటే టీమ్‌లో సగం మందో, ముప్పావు వంతో ఆ ఊరివాళ్లే ఉండాలని చాలాచోట్ల షరతు. పిల్లల సాకర్ టీమ్‌కి ఇది ఇబ్బంది కాదు, అంతా ఒకే ఊరివాళ్లు. మన టీమ్ అలా పుట్టదు. ఆఫీసులో ఇద్దరు, ఇంజినీరింగ్ క్లాస్‌మేట్లు ముగ్గురు, ఒకరి బావమరిది... లెక్క తీస్తే ఎడిసన్ నుంచి ఐదుగురు, సౌత్ బ్రన్స్‌విక్ నుంచి ఐదుగురు, ప్లెయిన్స్‌బరో నుంచి ఐదుగురు తేలతారు. అందరూ ఇంటిపన్ను కట్టేవాళ్లే, మూడు ఊళ్లలోనూ బయటివాళ్లే.

అందుకని ఒప్పందంలో మొదట రాయించుకోవలసింది ఇది: చేరిన ఊళ్లలో ఎక్కడ ఉంటున్నా సరే, అన్ని ఊళ్లలోనూ స్థానికుడిగానే లెక్క. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2007 నాటి షేర్డ్ సర్వీసెస్ చట్టం కింద పక్కపక్క టౌన్‌షిప్‌లూ స్కూల్ బోర్డులూ తీర్మానాలు చేసుకుని ఒప్పందం రాసుకోవచ్చు. వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో వేర్వేరు కౌంటీల్లో ఉన్నా రెండిటికీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఒక్కటే. బడినే కలిపి నడిపేవాళ్లకి గడ్డి కలిపి కోయించడం ఏమంత కష్టం?

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. 1964 నాటి ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ చట్టం కింద ఫెడరల్ డబ్బు తీసుకున్న పార్కులో ముందు బుకింగ్ స్థానికులకే అనడం కుదరదు. బయటివాళ్ల దగ్గర ఫీజు ఎక్కువ తీసుకోవచ్చు, అదీ రెట్టింపు దాటకూడదు. ఏ పార్కుకి ఆ డబ్బు వచ్చిందో టౌన్ క్లర్కుకి ఓప్రా (ప్రభుత్వ రికార్డులు అడిగే హక్కిచ్చే రాష్ట్ర చట్టం) దరఖాస్తు పెట్టి అడగండి. స్కూల్ బోర్డు సొంత గ్రౌండ్లకి మామూలుగా ఇది వర్తించదు, అక్కడ ఒప్పందమే దారి.

ఇక మనవైపు నుంచి ఏం చేయాలో. స్కూళ్లు భయపడేది పిచ్ గురించే, ఫీల్డు పాడవుతుందని. పక్కపక్కనే ఉన్న రెండు సాకర్ ఫీల్డుల మధ్య 30 అడుగుల జాగా ఉంటే చాలు: 10 అడుగుల వెడల్పు పిచ్, అటూ ఇటూ పదేసి అడుగుల పచ్చిక. ఫీల్డులు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పిచ్ కూడా అలాగే పడుతుంది, సాయంత్రం ఎండ నేరుగా బ్యాట్స్‌మన్ కళ్లలో కొట్టదు. ఫీల్డు 120 గజాల పొడవుంటే పిచ్ మధ్య నుంచి స్ట్రెయిట్ బౌండరీ 60 గజాలొస్తుంది, వారాంతపు లీగ్‌కి ధారాళంగా సరిపోతుంది. కాంక్రీటు పోయడానికి తవ్వేముందు 811కి (నేలకింద గ్యాస్, కరెంటు లైన్లకి గుర్తులు పెట్టించే నంబరు) ఫోన్ చేస్తారు సరే, వాళ్లు స్ప్రింక్లర్ పైపులకి గుర్తులు పెట్టరు. అవి స్థలం యజమాని సొంత లైన్లుగా లెక్క. స్కూలువాళ్ల దగ్గర ఇరిగేషన్ మ్యాపు తీసుకోకుండా గునపం దించొద్దు.

కాంక్రీటుకి ఒప్పుకోకపోతే మ్యాట్ పరిచి మేకులు కొట్టాలి. మన పేరు చెడేది ఇక్కడే. చుట్టేటప్పుడు గడ్డిలో ఒక్క మేకు మిగిలినా సోమవారం గడ్డి కోసే మోవర్ బ్లేడు విరుగుతుంది, లేదా ఆ మేకు తూటాలా ఎగిరొస్తుంది. మేకుల తలలకి ఎర్రరంగు వేయండి, లెక్కపెట్టి కొట్టండి, లెక్కపెట్టి డబ్బాలో వేయండి. పక్కకి జరిపిన సాకర్ గోల్‌పోస్టుల్ని మళ్లీ నేలకి బిగించే వెళ్లాలి. ఊరికే నిలబెట్టినవి మీదపడి ఈ దేశంలో పిల్లలు చనిపోయారు.

బతుకమ్మకీ పిక్నిక్‌కీ తీసుకునే ఇన్సూరెన్స్ ఇక్కడ పనికిరాదు. ఆటగాళ్ల దెబ్బలు వర్తించవనే క్లాజు అలాంటి పాలసీల్లో తరచుగా ఉంటుంది. స్పోర్ట్స్ పాలసీ విడిగా తీసుకోవాలి, మామూలుగా ఒక్కో ఘటనకి 10 లక్షల డాలర్ల కవరేజీ అడుగుతారు. సర్టిఫికెట్‌లో టౌన్‌షిప్ పేరూ, బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ పేరూ రెండూ ఉండాలి. ఒకటే ఉందని తిప్పి పంపారంటే, సరిచేయించేలోగా ఆ ఆదివారం ఇంకొకరికి పోతుంది.

గడ్డి విత్తనం చల్లేది ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు సగం దాకా. సరిగ్గా అప్పుడే మనం లేబర్ డే టోర్నమెంట్ పెట్టుకుంటాం. ఆ మూడు వారాలు గ్రౌండు జోలికి రామనీ, బౌలర్ల రనప్ దగ్గర అరిగినచోట విత్తనం ఖర్చు మాదేననీ ముందే రాసివ్వాలి.

స్కూళ్ల బడ్జెట్ ఏడాది జూలై 1న, చాలా టౌన్‌షిప్‌లది జనవరిలో మొదలవుతుంది. అందుకే ప్రతిపాదన అక్టోబరుకల్లా రెండుచోట్లా అందాలి. మొదటి ఏడాదికి రెండు గ్రౌండ్లు, జూలై నుంచి ఆగస్టు మూడో వారం దాకా ఆదివారాలు మాత్రమే అడగండి. బోర్డు సభ్యులు కాదనడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు.