వయాటినా ఆవు ధర చూసి పొడ తూర్పు మందను మార్చుకోవద్దు

నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం పదే పదే తిరుగుతోంది. "బ్రెజిల్‌లో మన ఒంగోలు ఆవు రూ. 40 కోట్లు పలికింది, ఆ జాతి ఆబోతు వీర్యం తెప్పించి మన ఆవులకు సూది వేయిస్తే ప్రతి రైతూ కోటీశ్వరుడే" అన్నది దాని సారం. అందులో కొంత నిజం ఉండబట్టే మిగిలిన పొరపాటును కూడా జనం నమ్ముతున్నారు.

అది మన ఒంగోలు ఆవే అన్న మాటను ముందు చూద్దాం. వయాటినా-19 అనే ఆ ఆవు నెలోర్ జాతిది. ఆ జాతి మూలం ఒంగోలు పశువులేననడంలో సందేహం లేదు. 1960ల తొలినాళ్లలో ఇక్కడి నుంచి వెళ్లిన కరవది అనే ఒంగోలు ఆబోతు సంతతి అక్కడ విస్తారంగా ఉంది. అయితే మన రైతు దుక్కికీ బండికీ పనికొచ్చే పశువును ఎంచుకుంటూ రాగా, బ్రెజిల్ రైతు మాంసం కోసం ఎంచుకున్నాడు. అక్కడ కూడా మొదట్లో చెవి తీరు, మూపురం, రంగు చూసేవారు. తరువాత తూకానికీ ఎదుగుదలకూ ప్రాధాన్యం పెరిగింది. ఇప్పుడు పెయ్య ఎంత చిన్న వయసులో చూడి కడుతుంది, ఆబోతు వృషణాల చుట్టుకొలత ఎంత, తిన్న మేతకు ఎంత కండ పడుతుంది, వీపు కండ అల్ట్రాసౌండ్‌లో ఎంత కనిపిస్తుంది అని తరతరాల లెక్కలు రాసి ఎంచుతున్నారు. మూలం ఒకటే అయినా అరవై ఏళ్ల ఎంపిక ఆ పశువును వేరే పనికి తయారు చేసింది.

ఇక ధర సంగతి. 2023 వేలంలో అమ్ముడైనది ఆ ఆవులో మూడో వంతు వాటా మాత్రమే. దాన్ని బట్టి మొత్తం విలువ కట్టారు. 1,101 కిలోలు తూగిన ఆ ఆవుకు అంత వెల దాని పాల వల్లనో మాంసం వల్లనో రాలేదు. దాని అండాలతో ప్రయోగశాలలో పిండాలు చేసి, వేరే ఆవుల గర్భంలో పెట్టి దూడలను పుట్టిస్తారు. వెల ఆ పిండాలది. వాటిని కొనే పెద్ద మాంసపు మందల యజమానులు అక్కడున్నారు, మన దగ్గర లేరు.

అన్నిటికన్నా నష్టం చేసేది మూడో మాట, మన ఆవులకు ఆ సూది వేయించమన్నది. అమ్రాబాద్ వైపు పొడ తూర్పు అనే నాటు జాతి పశువులు నల్లమల రాళ్ల మీద నడిచి, అడవిలో దొరికిన మేతతో బతుకుతాయి. కురుమూర్తి జాతరలో కోడెల జతకు వెల కట్టేది నడక, చురుకుదనం, పని చూసి. కండను బట్టి ఎక్కువ ఇచ్చే బేరగాడు అక్కడికి రాడు. పైగా మన రాష్ట్రంలో 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఆవులనూ దూడలనూ కోయడాన్ని నిషేధించింది కనుక, లేగప్రాయంలోనే మాంసానికి తయారయ్యే లక్షణం ఇక్కడ రైతుకు రూపాయి తేదు. పెద్ద ఒంటి ఆబోతు వీర్యం చిన్న ఒంటి ఆవుకు, అందులోనూ తొలిచూలు పెయ్యకు వేస్తే ఈత కష్టం కావచ్చు. పుట్టిన దూడ పెద్దదైతే, ఎండాకాలం దానికి సరిపడా మేత ఎవరు తెస్తారు?

ఇప్పటికే సూది వేయించాలని అనుకున్నవారు అది ఏ జాతి ఆబోతుదో, పుట్టే దూడ ఎంత తూగుతుందో ముందు అడగాలి. సొంత మందలో నడకా చురుకుదనమూ ఉన్న కోడెలుంటే, వాటిలో రెండింటినైనా విత్తులు కొట్టించకుండా ఆబోతులుగా ఉంచుకోవాలి.