టిక్కు పెట్టింది ఎవరో, డబ్బులు మాత్రం మనవి

కడపలో టిఫిన్ హోటల్‌కి పోతే సర్వర్ ఏం కావాలని అడగడు, "కారం దోసే కదా సార్, నెయ్యి వేసి చెప్తా" అంటాడు, మనం తలూపేస్తాం. బలవంతమేం లేదు, వద్దంటే మానేస్తాడు, కానీ వద్దనేదెవరు? అమెరికా ప్రొఫెసర్లు రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ 2008లో నడ్జ్ (మెల్లగా మోచేత్తో తట్టడం) అని పేరు పెట్టి రాసింది ఇట్లాంటి వాటి గురించే, థేలర్‌కి 2017లో ఎకనామిక్స్ నోబెల్ కూడా వచ్చింది. రూల్ పెట్టరు, ఫైన్ వెయ్యరు, అడిగే తీరు మారుస్తారు, అంతే. మన 2018-19 ఎకనామిక్ సర్వేలో కూడా దీని మీద ఒక చాప్టర్ ఉంది.

వీటిల్లో గట్టిది డిఫాల్ట్, అంటే మనం ఏమీ చెప్పకపోతే దానంతటదే ఖాయమైపోయేది. అమెరికాలో కంపెనీలు ఉద్యోగుల్ని రిటైర్మెంట్ సేవింగ్స్‌లో ముందే చేర్చేసి, వద్దన్నవాళ్లని బయటికి పొమ్మంటే చేరేవాళ్లు బాగా పెరిగారు. మంచిదే. కానీ కర్నూలు నుంచి బెంగళూరికి ఆన్‌లైన్‌లో బస్సు టికెట్ తీసేటప్పుడు ఇన్సూరెన్స్‌కి ముందే టిక్కు పెట్టేసి, తీసేయబోతే "రిస్క్ నేనే భరిస్తా" అనే బటన్ నొక్కించేది కూడా ఇదే కిటుకు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లని (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని మాయ చేసే కిటుకుల్ని) నిషేధించింది, అడక్కుండా బిల్లులో కలపడం, వద్దంటే సిగ్గుపడేలా రాయడం రెండూ అందులో ఉన్నాయి.

మరి సర్కారు చేస్తే? కేంద్రం పంటల బీమా స్కీమ్ ఫసల్ బీమా 2020 ఖరీఫ్ నుంచి ఐచ్ఛికం అన్నారు గానీ క్రాప్ లోన్ ఉన్న రైతు వద్దనుకుంటే చేరే ఆఖరి తేదీకి కనీసం 7 రోజుల ముందే బ్యాంకులో రాసివ్వాల, లేదంటే చేరినట్టే లెక్క, ప్రీమియం కట్ అవుతుంది. ఖరీఫ్‌లో నూనెగింజలకి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం దాకా. (మధ్యలో కొన్నేళ్లు మన రాష్ట్రంలో ప్రభుత్వమే అంతా కట్టింది, అది వేరే కథ.)

నన్నడిగితే అనంతపురం లాంటి చోట, వానని నమ్ముకుని శనక్కాయ వేసే రైతుకి ఈ డిఫాల్ట్ కరెక్టే, ఎందుకంటే విత్తనం, ఎరువు, కూలీలు అని చేతిలో రూపాయి నిలవని టైములో ఎప్పుడో వచ్చే బీమా కోసం ఎవరూ లైన్లో నిలబడరు. నా పేచీ బయటికొచ్చే దారితోనే. చేరడానికి ఏమీ చెయ్యక్కర్లేదు, బయటికి రావాలంటే మాత్రం పని మానుకుని బ్యాంకుకి పోవాల. ప్రీమియం ఎంతో, ఆఖరి తేదీ ఏదో తెలుగులో మెసేజ్ పెట్టి, వద్దనుకుంటే ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలనండి, అప్పుడు కూడా ఉండిపోయినవాళ్లని చూపించి స్కీమ్ నచ్చిందని చెప్పుకోండి.